ముందు నువ్వు చేయించుకో, తమ్మీ

బస్సు కండక్టరుగా ఇరవై నాలుగేళ్లు పనిచేసినవాడికి కడుపు చెప్పినట్టు వింటుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఏ బస్టాండులో మరుగుదొడ్డి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు కాబట్టే, దేని గడపా తొక్కకుండా ఇల్లు చేరడం నేర్చుకున్నాను. పొద్దున నాలుగున్నరకు లేచి, చాయ్ తాగి, పని కానిచ్చుకుని డ్యూటీ ఎక్కితే మళ్లీ మర్నాటి దాకా ఆ ఊసే ఉండదు. ఈ విషయంలో డ్రైవర్ల దగ్గర కొంచెం గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్పంతా రెండు లీటర్ల మందునీళ్లతో కొట్టుకుపోయింది.

నాకు కడుపులో ఏ బాధా లేదు. తిన్నది అరుగుతుంది, పడుకుంటే నిద్ర వస్తుంది. అయినా సెలవు పెట్టి, కరీంనగర్ పోయి, పెద్దపేగులో గొట్టం వేయించుకుని చూపించుకున్నాను. కొలనోస్కోపీ అంటారు దాన్ని. అది మా అక్క కోసం చేయించుకున్నాను.

మా బాపు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు ఎత్తిన మనిషి. రక్తం పడుతుంటే మొలలని చెప్పుకుని, ఏదో ఆకు పసరు తాగుతూ, ఎవరికీ తెలియనివ్వకుండా ఏడాది నెట్టుకొచ్చాడు. మాకు తెలిసేసరికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. అప్పుడు చూసిన పెద్ద డాక్టరు నన్నూ అక్కనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇది కొన్ని కుటుంబాల్లో తరాలు దిగి వస్తుంది, మీరిద్దరూ తప్పకుండా లోపల చూపించుకోండి అని చెప్పాడు. సరేనని తలలూపి వచ్చాం. పన్నెండేళ్లు గడిచాయి. నాకు నలభై తొమ్మిది వచ్చాయి, అక్కకు యాభై ఏడు. ఇద్దరిలో ఒక్కరమూ ఆసుపత్రి మెట్లెక్కలేదు.

అక్క ఉండేది కరీంనగర్‌లో. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. బావ మస్కట్‌లో డ్రైవరు, రెండేళ్లకోసారి వస్తాడు. ఒక్కతే బిడ్డ, పెళ్లై నిజామాబాద్‌లో ఉంటోంది. కరీంనగర్ డ్యూటీ పడినప్పుడల్లా నేను అక్క చేతి అన్నం తినే వెనక్కి బస్సెక్కుతాను. అట్లా ఒకరోజు పోయినప్పుడు, ఆమె మిషను దగ్గరి కుర్చీలో దిండు వేసుకుని కూర్చుని ఉంది. మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. ఏమైందని అడిగాను.

"మొలలు తమ్మీ. కూసుండి కూసుండి వచ్చినయి. రెండు నెలల సంది అప్పుడప్పుడు చుక్క రక్తం పడ్తుంది. అవే పోతయి," అంది.

బాపు అన్నది కూడా ఆ మాటే. నాకు అన్నం సహించలేదు. ఆసుపత్రికి పోదాం పదమని ఆ రోజు అడిగాను, తర్వాతి డ్యూటీలో అడిగాను, ఫోనులో అడిగాను. రెండు నెలలు అడగ్గా అడగ్గా ఒకరోజు విసుక్కుంది.

"డాక్టరు ఇద్దరికి చెప్పిండు కదా. ముందు నువ్వు చేయించుకో, తమ్మీ. నువ్వు మంచిగ తిరిగొస్తే అప్పుడు నేను పోత."

అది నా నోరు మూయించడానికి అన్న మాటని నాకు తెలుసు. నేను చేయించుకోనని ఆమె ధీమా. సూది అంటేనే నేను మొహం తిప్పుకోవడం చిన్నప్పటి నుంచీ చూసింది. మర్నాడే సెలవు చీటీ రాసిచ్చాను.

పరీక్షకు ముందురోజు పొద్దున అక్కతో కలిసి ఆసుపత్రికి పోయి, పేరు రాయించుకుని, మందు పొడి పొట్లాలు తెచ్చుకున్నాం. ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నదంతా ఇంగ్లీషు, ఏమేమి తాగొచ్చో, ఎప్పుడు తాగాలో. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అదంతా చదివే ఓపిక మాకు లేదనుకుందేమో, రెండు ముక్కల్లో చెప్పేసింది. "ఇయ్యాల ఏం తినద్దు. ఉపాసం ఉండుర్రి. నీళ్లు, కొబ్బరినీళ్లు తాగుర్రి. సాయంత్రం పొడి కలుపుకొని తాగుర్రి." అంతే, తర్వాతి మనిషిని పిలిచింది.

ఉపవాసం అనగానే అక్క మొహం వెలిగింది. అది ఆమెకు తెలిసిన విద్య. నెలకు రెండు ఏకాదశులు, శ్రావణంలో సోమవారాలు, ఇవి కాక శనివారాలు. మేము పుట్టి పెరిగిన ఆదిలాబాద్ వాడలో సగం మంది మరాఠీవాళ్లు. మా అవ్వ, అంటే మా అమ్మ, వాళ్లతో కలిసి ఏకాదశులు పట్టింది, అవ్వను చూసి అక్క పట్టింది. మాకు ఉపవాసమంటే కడుపు మాడ్చుకోవడం కాదు. అన్నం, రొట్టె, పప్పు ముట్టరు. వాటి బదులు సాబుదాన కిచిడీ ఉంటుంది. సగ్గుబియ్యం నానబెట్టి, పల్లీలు వేయించి దంచి కలిపి, జీలకర్ర, పచ్చిమిర్చితో తాలింపు వేస్తారు. అది తిన్నా ఉపవాసం చెడదు, ఎందుకంటే మా లెక్కలో అది తిండి కాదు. చిన్నప్పుడు ఆ కిచిడీ కోసమే నేను ఉపవాసాలు ఉండేవాణ్ణి.

మధ్యాహ్నం అక్క పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. నాకు ఒక చిన్న అనుమానం రాకపోలేదు. ఏమీ తినొద్దన్నారు కదా అన్నాను.

"ఇది తినుడు కాదురా, ఉపాసం. చూడు, సాబుదాన అద్దం లెక్క అవుతలికి కనవడ్తది. గిది లోపలుంటే డాక్టరుకేం అడ్డం?" అంది.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. రెండు పళ్లేలు తిన్నాను. దంచిన పల్లీలతోపాటు కొన్ని అట్లాగే వేసింది, నాకు ఇష్టమని.

సాయంత్రం ఐదింటికి పొడి కలిపాను. దాని రుచి చెప్పాలంటే, ఉప్పు నీళ్లలో నిమ్మకాయ ముంచి వెంటనే తీసేసినట్టు ఉంటుంది. మొదటి రెండు గ్లాసులు మగాడిలా తాగాను. మూడో గ్లాసుకు ముక్కు మూసుకున్నాను. నాలుగోది తాగుతుంటే అక్క పక్కన నిలబడి వీపు నిమిరింది. ఆరింటి దాకా ఏమీ కాలేదు. మా కండక్టర్ల కడుపు దీనికి లొంగదని అక్కతో అంటూ ఉండగానే లేచి పరుగెత్తాల్సి వచ్చింది.

అక్కడి నుంచి నా మకాం బాత్రూములోనే. బయటికి వచ్చి కుర్చీలో కూర్చునేలోపు మళ్లీ పిలుపు. ఇన్నేళ్లు ప్రయాణికులు బస్సు ఒక్క నిమిషం ఆపమని బతిమాలితే నేను ఎట్లా గదమాయించానో ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది. ఇక ముందు ఎవరైనా కడుపు పట్టుకుని అడిగితే బస్సు ఆపించాలని అప్పుడే అనుకున్నాను.

ఎనిమిదోసారో తొమ్మిదోసారో కూర్చున్నప్పుడు, చేసేదేమీ లేక బాత్రూమంతా చూస్తున్నాను. తలుపు వెనక గూటిలో సర్ఫు డబ్బా, దాని వెనక పాత చీర ముక్కలో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. చీర ముక్క జారి లోపలి ప్యాకెట్టు అంచు కనిపించింది. ఆడవాళ్లు నెలసరికి వాడే ప్యాడ్లు. మా ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంది, ఆ ప్యాకెట్టు నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఉండేది యాభై ఏడేళ్ల అక్క ఒక్కతే. ఆమెకు ఆ బాధ తప్పి ఏళ్లయింది. అవ్వ సంవత్సరీకానికి దగ్గరుండి వంట చేస్తూ, ఇక ఏ రోజైనా దేవుడి గదిలోకి పోవచ్చని ఆమే నా భార్యతో చెబుతుంటే విన్నాను.

ఎందుకు కొన్నదో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమె రక్తం అప్పుడప్పుడు చుక్క పడే రక్తం కాదు. బయటికి వచ్చి అడగాలనుకున్నాను. అక్క వంటింట్లో నా కోసం కొబ్బరిబోండాం కొడుతోంది. తమ్ముడు అక్కను అడిగే సంగతి కాదనిపించింది. రేపు నాది అయిపోతే ఎల్లుండి ఎట్లాగూ ఆమెను తీసుకుపోతాను, డాక్టరే అడుగుతాడు అనుకున్నాను. నా పిరికితనానికి నేనే ఒక సాకు ఇచ్చుకున్నానన్నమాట.

తెల్లవారుజామున మిగిలిన మందు తాగి, తొమ్మిదింటికి ఆసుపత్రిలో ఉన్నాం. ఆకుపచ్చ గౌను ఇచ్చారు, వెనక భాగం తెరిచి ఉంటుంది. దాన్ని ముందుకు తిప్పి వేసుకుని వస్తే నర్సు మళ్లీ వెనక్కి పంపింది. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు పొట్టకు ఆనించి పడుకోమన్నారు. చేతికి సూది వేశారు. ఎదురుగా టీవీలాంటిది ఉంది. లోపలంతా చూద్దామనుకున్నాను కానీ తెర వెలగకముందే నిద్రపోయాను.

లేచేసరికి పక్కగదిలో మంచం మీద ఉన్నాను. అక్క కాళ్ల దగ్గర నిలబడి ఉంది. డాక్టరు మొహం ప్రసన్నంగా లేదు.

"నిన్న ఏం తిన్నరు?" అన్నాడు.

"ఏం తినలే సార్. ఉపాసమున్న."

"మరి లోపల పల్లీలు ఎక్కడివి? సగం దూరం కూడ పోలేకపోయిన. అంతా జిగురు, ఏం కనవడ్తలే."

అక్క మెల్లగా చెప్పింది. "సాబుదాన సార్. ఉపాసం తిండే పెట్టిన."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. వెనక నిలబడ్డ నర్సు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెది ఆదిలాబాద్ పక్కనే అట. "మా తాన గంతే సార్. సాబుదాన తింటే ఉపాసమున్నట్టే," అని ఆయనకు విప్పి చెప్పింది. తర్వాత మా కాగితం తీసుకుని, కింద తెలుగులో 'సాబుదాన తినొద్దు, పల్లీలు తినొద్దు' అని రాసిచ్చింది. డాక్టరు మూడు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

ఆటోలో ఇంటికి వస్తూ అక్క మీద అరిచాను. రోడ్డు మీద జనం చూసేంతగా అరిచాను. ఇంగ్లీషు కాగితం పక్కింటి పిల్లతోనైనా చదివించుకోవద్దా, ఏమీ తినొద్దంటే ఏమీ తినొద్దనే కదా అని. తిన్నవాణ్ణి నేను, అడిగి మరీ రెండో పళ్లెం తిన్నవాణ్ణి నేను. నా కోపం కిచిడీ మీద కాదు. నా వంతు వాయిదా పడితే ఆమె వంతు కూడా పడుతుంది. ఆ ప్యాకెట్టు చూశాక నాకు మూడు రోజులంటే మూడు నెలల్లా ఉంది.

రెండోసారి కొబ్బరినీళ్లు, వట్టి నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా గడిపాను. అక్క కూడా ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నా ఎదురుగా తినలేనంది. ఈసారి పరీక్ష ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లేచాక కడుపు ఉబ్బి ఉంది, గాలి వదలండి, సిగ్గుపడొద్దు అని నర్సు చెప్పింది. ఆమె మాట కాదనలేదు. డాక్టరు నవ్వుతూ వచ్చి, పేగంతా శుభ్రంగా ఉంది, ఏమీ లేదు, అయితే కుటుంబంలో ఉంది కాబట్టి ఐదేళ్లకోసారి చూపించుకోమన్నాడు.

నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. అక్క కళ్లు తుడుచుకుంది. బయట వరండాలో ఇనుప కుర్చీల్లో కూర్చుని, నాకు బిస్కెట్టు పొట్లం విప్పి ఇచ్చింది. ఇక నీకు తారీఖు రాయించుకుందామా అన్నాను.

"నాకెందుకు తమ్మీ ఇగ? నీకేం లేదన్నరు. ఒక తల్లి పిల్లలం, మనది ఒకటే రక్తం. నీకు లేదంటే నాకూ లేనట్టే. నువ్వు ఫికర్ చెయ్యకు," అంది. సంచీ సర్దుకుని లేచింది కూడా.

బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది. రెండుసార్లు ఆ మందు తాగింది దీనికా అనిపించింది. నాకు ఏమీ లేకపోవడమే ఆమెకు సాకై కూర్చుంది. ఇక సిగ్గుపడితే లాభం లేదనుకున్నాను.

"అక్కా, సర్ఫు డబ్బా వెనక ఉన్నయి చూసిన," అన్నాను.

ఆమె నిలబడ్డచోటే నిలబడిపోయింది. మొహం తిప్పుకుంది. ఆసుపత్రి వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు, ఎవరూ మమ్మల్ని చూడటం లేదు. నేను గొంతు తగ్గించి, నాకు భయమైతుంది అక్కా, నువ్వు పోతే నాకు ఎవరున్నరు అని చెప్పాను. నలభై తొమ్మిదేళ్ల మగవాణ్ణి ఆ మాట అంటానని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆమె సంచీ నా ఒళ్లో పెట్టి, తనే కౌంటర్ దగ్గరికి నడిచింది.

వారం తర్వాత ఆమె మందు తాగింది. ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు. ఈసారి బయట కూర్చున్నది నేను. ఇరవై నిమిషాలు దాటాయి, నలభై దాటాయి. డాక్టరు నన్ను పిలిపించినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. గడ్డ ఉంది, ముక్క తీసి పంపాను, చూడగానే మంచిదనిపించలేదు అన్నాడు. ఎన్నాళ్ల నుంచి రక్తం పడుతోందని అక్కను అడిగితే, నిరుడు బతుకమ్మ పండుగ నుంచి అని చెప్పింది. నాతో రెండు నెలలే అంది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. బావ మస్కట్ నుంచి వచ్చాడు. గడ్డ పేగు గోడ దాటలేదని, ఇంకొంత ఆలస్యమైతే దాటేదని చెప్పారు. ఇప్పుడు అక్క బాగానే ఉంది, మళ్లీ మిషను తొక్కుతోంది. మూడు నెలలకోసారి చూపించుకోవడానికి నేనే తీసుకుపోతున్నాను. అవన్నీ సంతోషమే. కానీ ఆపరేషన్ రోజు పొద్దున అక్క అన్న మాట ఒకటి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

థియేటర్ బయట ట్రాలీ మీద పడుకోబెట్టారు. తలకు ఆకుపచ్చ టోపీ. బావ సంతకాలు పెట్టడానికి పోయాడు. మేమిద్దరమే ఉన్నాం. నా చెయ్యి పట్టుకుంది.

"బాపుకు రక్తం పడుడు నాకు ముందే ఎర్క, తమ్మీ," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ ఎండకాలం మా ఇంట్ల రెండు నెలలున్నడు కదా. ఆయన పంచెలు నేనే పిండిన. ఎవరికి చెప్పద్దని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకున్నడు. నీకు చెప్పలే, అవ్వకు చెప్పలే. గందుకే నాకు మొదలైనప్పుడు, రావల్సిందే వచ్చిందనుకున్న. ఏ మొహం పెట్టుకొని డాక్టరు దగ్గరికి పోవాలె?"

ఒక్క క్షణం నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వేసవిలో నాకు ఒక్క మాట తెలిసి ఉంటే బాపును ఎత్తుకునైనా బస్సులో వేసుకుపోయేవాణ్ణి. ఆరేడు నెలలు ముందు తెలిసేది. బాపు ఇప్పటికీ ఉండేవాడేమో. ఆమె నా మొహంలోకే చూస్తోంది, కళ్లు ఆర్పకుండా. పన్నెండేళ్లుగా ఇది ఒక్కతే మోసింది. మిషను తొక్కుతూ, ఏకాదశులు ఉంటూ, నాకు అన్నం పెడుతూ మోసింది.

"నువ్వు చెప్పినా బాపు వినేటోడు కాదక్కా," అన్నాను.

"నిజమా, తమ్మీ?"

"నిజమే. నా మాట ఎప్పుడన్న విన్నడా?"

అది అబద్ధం. బాపు నా మాట ఎప్పుడూ కాదనలేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా నమ్మినట్టు తలూపి, నా చెయ్యి వదిలింది. ట్రాలీని లోపలికి తోసుకుపోయారు.